ఈకలు పేర్చుకున్న పుట్ట

మొన్న ఆదివారం సైబర్‌జయలో మా అమ్మాయి ఇంటి వెనక, కార్లు నిలిపే చోటు దాటాక ఉన్న కాస్త గడ్డిలో, ఒక ఈక తనంతట తాను నడుచుకుంటూ పోవడం చూశాను. గోరింక ఈక. చెట్టు మీద ఆకు కదలడం లేదు, ఈక మాత్రం ఆగుతూ, పక్కకి ఒరుగుతూ, మళ్లీ లేచి పోతోంది. ఏమిటా అని వంగి చూశాను. వంగడం వరకు బాగానే ఉంది, లేవడానికే మోకాళ్లు ఒప్పుకోలేదు. ఇక గడ్డిలోనే కూర్చుండిపోయాను.

పక్క ఫ్లాట్‌లో ఉండే రాజమండ్రి అమ్మాయి చెత్త సంచీ పట్టుకుని వస్తూ నన్ను చూసి ఆగింది. ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చి రెండేళ్లయింది. "ఏమైనా పడిపోయిందా ఆంటీ?" అంది. ఏమీ పడలేదని చెప్పి, కూర్చోమని సైగ చేశాను. ఈక కింద ఒక నల్లటి చీమ ఉంది, వండిన మెతుకంత పొడవు. అది ఈకని ఈడ్చుకుంటూ మట్టిలో ఉన్న ఒక కంతదాకా తీసుకుపోయింది. కంత చుట్టూ మట్టి గట్టు, గట్టు మీద అప్పటికే నాలుగు ఈకలు, కాస్త కొబ్బరి పీచు.

"అమ్మో, కుడుతుందా? మందు కొట్టమని ఫ్లాట్ల ఆఫీసులో చెప్పనా?" అంది ఆ పిల్ల.

"నీకు పుణ్యముంటుంది, చెప్పకు," అన్నాను. ఎందుకు చెప్పొద్దన్నానో వివరించేసరికి అరగంట పట్టింది. పాపం, ఆ అరగంటా చెత్త సంచీ చేతిలోనే ఉంది. అంతా విని, ఇది రాసి పెట్టండి ఆంటీ అంది. రాస్తున్నాను. మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగు వేరు, ఈ రాసే తెలుగు వేరు. ఇది పెద్దయ్యాక పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నది. తప్పులుంటే నన్నే తిట్టండి, మా పెద్దవాళ్ల జోలికి పోకండి.

మాది ఈ దేశంలోనే, బటాంగ్ బెర్జుంటై వైపు ఒక రబ్బరు ఎస్టేటు. మేము తోట అనేవాళ్లం. రెండు వరసల కూలీ ఇళ్లు, వాటి వెనక ఒక పెద్ద గడ్డి మైదానం, దాని అవతల రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇల్లు. ఆ పొగ వాసన మా బట్టల్లో, జుట్టులో, దుప్పట్లలో ఉండేది. బయటివాళ్లు ముక్కు మూసుకునేవారు గానీ, నాకైతే టౌన్‌కి పోయినప్పుడు ఆ వాసన లేకపోతే ఆకలి వేసేది కాదు. దానికి తోడు సాయంత్రాలు వరస పొడుగునా ఎండు చేపలు వేగే వాసన. మా మామ్మ చింతపండు పులుసులో ఉల్లిపాయలు వేసి మరిగిస్తుంటే పక్కింటి అత్త గిన్నె పట్టుకుని తయారు. మామ్మ అంటే మా నాన్న తల్లి. చిన్నపిల్లగా సముద్రం అవతల నుంచి ఓడలో, తన మాటలో కప్పల్‌లో, వచ్చింది. మళ్లీ ఆ వైపు చూడలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఆ ఏడు నా కుడి చెవికి తెగులు వచ్చింది. చీము కారేది. దాని వాసన ఎలాంటిదంటే, బడిలో నా బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. పిల్లలు అనే మాటలు అనేవారు, నేను వినలేదన్నట్టు ఉండేదాన్ని. నిజంగానే సగం వినపడేది కాదు. చివరికి తగ్గేదాకా ఇంట్లో ఉంచమని టీచరే చెప్పి పంపింది. అమ్మ తోట ఆస్పత్రి డ్రెస్సర్ ఇచ్చిన చుక్కలు పూటపూటా వేసేది. మామ్మకి చుక్కల మీద నమ్మకం లేదు. నాగమ్మకి మొక్కుకుంది. చెవి తగ్గితే, వచ్చే నాగుల చవితికి పిల్ల తన చేత్తోనే పుట్టలో పాలు పోస్తుందని, పుట్టమన్ను చెవులకి రాస్తానని.

బడి లేదు, తోడు ఎవరూ లేరు. అమ్మ, నాన్న పనికి పోయేవాళ్లు. నేను వెనక మైదానంలో పడి ఉండేదాన్ని. లాలాంగు గడ్డి నడుము ఎత్తున ఉండేది, అంచులు కోసేసేవి. దాని మధ్యలో ఆవులు తొక్కి తొక్కి పొట్టిగా అయిన గడ్డి తావు ఒకటి ఉంది. అక్కడే నాకు మొదటి ఈక కనిపించింది. మామ్మ కోడిపుంజుదే, నాకు బాగా తెలిసిన ఎర్ర ఈక. దొంగని పట్టుకుందామని వెంబడించి పుట్ట దాకా పోయాను.

పుట్ట అంటే పెద్దదేం కాదు, నా రెండు దోసిళ్లు కలిపితే ఎంతో అంత. మధ్యలో కంత, చుట్టూ బావి గట్టులాగా మట్టి. ఆ గట్టు మీద ఈకలు, ఎండు పుల్లలు, చచ్చిన చీమల తలకాయలు. ఇవన్నీ ఎందుకు పోగేస్తున్నాయో చాలా రోజులు అర్థం కాలేదు. వాన పడని ఒక ఉదయం తొందరగా పోయి చూస్తే, ఈకల మీద మంచు చుక్కలు నిలబడి ఉన్నాయి. చీమలు ఒక్కొక్కటే వచ్చి ఆ చుక్కలు తాగి పోతున్నాయి. మా వరసలో పైపు దగ్గర బిందెలు పెట్టుకుని జనం కొట్టుకునే వేళ అది. వీటికి గుమ్మంలోనే నీళ్లు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తరువాత ఇక నాకు వేరే పని లేదు. బోర్లా పడుకుని చూడటమే. ఆ చీమలు గుంపులుగా బారు కట్టేవి కావు. ఒంటరిగా వేటకి పోయేవి, లేదా రెండు కలిసి పోయేవి. రెండు పోయేటప్పుడు ముందుది దారి తెలిసినది. వెనకది దాని కాళ్లని మీసాలతో తడుతూ నడిచేది. నేను ఒక ఈనె పుల్ల తీసుకుని రెంటికీ మధ్య అడ్డం పెట్టేదాన్ని, నా కొంటెతనం కొద్దీ. వెనకది దారి తప్పి గుండ్రంగా తిరిగేది. ముందుది మాత్రం ఎక్కడున్నది అక్కడే ఆగిపోయేది. వెనకది వెతుక్కుంటూ వచ్చి మళ్లీ కాలు తట్టేదాకా అడుగు వేసేది కాదు. ఒక్కసారి కూడా వదిలేసి పోలేదు. నా పక్కన కూర్చోని పిల్లలందరినీ తెచ్చి ఇది చూపించాలనిపించేది.

మామ్మ రోజూ వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేసేది, చీమలు తింటాయని. ఆ పిండి నా చీమలకి తెచ్చి పోస్తే మొహం తిప్పుకుపోయాయి. మాంసాహారులు మరి. అప్పటినుంచి వంటింట్లో ఎండు నెత్తళ్లు మాయం కావడం మొదలైంది. నేరం పిల్లి మీదకి పోయింది. పిల్లికి రెండు చీపురు దెబ్బలు పడ్డాయి కూడా. దానికి నేను ఇప్పటికీ బాకీయే. ఒకసారి చీమ నా కాలి వేలిని కుట్టింది, గంటసేపు ప్రాణం లాగేసింది. మామ్మ తమలపాకుల సున్నం రాస్తూ, "ఏటి కుట్టినాదే?" అంటే ముల్లు అని చెప్పాను.

చెవి మెల్లిగా తగ్గింది. చుక్కల వల్ల అని అమ్మ, నాగమ్మ వల్ల అని మామ్మ. తగ్గినందుకు ఇద్దరూ సంతోషించారు, ఎవరి వల్లో మాత్రం తేలలేదు. నేను మళ్లీ బడికి పోయాను, నా పక్కన ఒక పిల్ల వచ్చి కూర్చుంది. ఆ రోజు నేను పాఠం ఒక్క ముక్క వినలేదు.

ఇంతలో తోటలో రబ్బరు చెట్లు కొట్టేసి నూనె తాటి మొక్కలు వేయడం మొదలుపెట్టారు. మొక్కలు తినేస్తాయని ఆవుల్ని ఉంచకూడదన్నారు. వరసలో ఉన్న నాలుగు ఆవుల్నీ అమ్మేశారు. ఇక పాలంటే డబ్బా పాలే, చిక్కటి, తియ్యటి, చెంచాతో లాగితే తీగ సాగే పాలు. నేల చదును చేసే ట్రాక్టరు నడిపింది మా నాన్నే. రబ్బరు చెట్ల చివర ఉన్న పాత పుట్ట, మామ్మ ఏటేటా పాలు పోసిన పుట్ట, దాని కిందే పోయింది.

మామ్మ వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గిన్నె మాత్రం కాస్త గట్టిగా నేలకి కొట్టి పెట్టేది.

"నానేటి సేస్తాను అమ్మా? దొర గీత గీసిచ్చినాడు, గీత మీద నడిపినాను. దిగి సూసినాను కూడానూ. అందులో పాము నేదు," అన్నాడు నాన్న.

"నువ్వొస్తన్నావని ముందే ఎల్లిపోయుంటాది. నీ మొకం సూడనాకి కూకుంటాదేటి?" అంది మామ్మ నా వైపు తిరిగి, ఆ మాట నేను అన్నట్టు.

చవితి దగ్గర పడింది. మామ్మ రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని పుట్ట కోసం తోటంతా వెతికేది. ఎక్కడా లేదు, ఇళ్ల వెనక మైదానం తప్ప అంతా దువ్వినట్టు చదునైపోయింది. మామ్మ భయం నాకు కనిపించేది. కొడుకు పుట్ట తొక్కాడు, మనవరాలి మొక్కు తీరలేదు, మళ్లీ చెవి పట్టుకుంటే ఎవరిని అడగాలి? తను పడుకుంటూ నా చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. నేనూ భయపడ్డాను. ఆ ఖాళీ బల్ల మీద మళ్లీ ఒక్కదాన్నే కూర్చోవాలేమోనని రోజూ నా చెవి నేనే తడిమి చూసుకునేదాన్ని.

ఒక సాయంత్రం నేను గుప్పిట్లో నెత్తళ్లు పట్టుకుని జారుకుంటుంటే మామ్మ వెనకే వచ్చింది. నేను చూసుకోలేదు. పుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కటే వేస్తుంటే, నా వెనక పెద్దగా ఊపిరి తీసిన చప్పుడయింది.

"ఓలమ్మా! ఇక్కడుందేటే!" అంది మామ్మ. నెత్తళ్ల సంగతి ఆమెకి గుర్తే లేదు. చేతులు జోడించి నిలబడింది. "సూడు, ఎవులో ఈకలెట్టి పూజ కూడా సేసినారు. నిన్ను ఇక్కడికి రప్పించింది ఆ తల్లే."

ఇది ఆ పుట్ట కాదు మామ్మా అని చెప్పబోయాను. ఆమె ముఖం చూసి మానేసి, నేనూ చేతులు జోడించాను. అన్ని రోజుల తరువాత ఆ పూటే ఆమె నాన్నతో మాట్లాడింది. కూర ఇంకొంచెం వేసుకోమంది.

చవితి పొద్దున్న మామ్మ నాకు తలంటి, ఏమీ తిననివ్వకుండా బయల్దేరదీసింది. అమ్మ ఎరువు చల్లే పనికి తెల్లవారకుండానే పోయింది. పళ్లెంలో చలిమిడి, చిమ్మిలి, రెండు గుడ్లు, అరటిపళ్లు మామ్మ పట్టుకుంది. నువ్వులు, బెల్లం దంచిన చిమ్మిలి వాసనకి నా నోరు ఊరుతోంది. పక్కింటి అత్త తోడు వచ్చింది. ఇత్తడి చెంబు నా చేతిలో ఉంది. ఆవు పాలు లేవు కనక మామ్మ రెండు డబ్బాల పాలు పోసి కాసిని నీళ్లు కలిపింది. నాగమ్మకి పల్చటి పాలు పోస్తే తప్పని నీళ్లు మరీ తక్కువ కలిపింది. జావలాగా ఉంది. ఆ చెంబెడు ఆ కంతలో పోస్తే లోపల ఎవరూ మిగలరు.

మామ్మ పసుపు, కుంకుమ చల్లి దణ్ణం పెట్టి, "పొయ్యి తల్లీ," అంది.

నేను చెంబు వంచలేదు. "పొయ్యను మామ్మా. అన్నీ ములిగిపోతాయి."

అత్త నవ్వింది. "సీమలకి తియ్యటి పాలు పోత్తే మురిసిపోతాయి లా! బేగి పొయ్యవే గుంటా, నాను పనికెల్లాల."

"ఇది జిగురు. కాళ్లు అంటుకుపోతాయి. లోపల పిల్లలున్నాయి," అన్నాను. ఏడుపు వచ్చేస్తోంది.

మామ్మ కోప్పడలేదు. ఒక్క మాట అడిగింది. "మరి నీ సెవి?"

నా చెయ్యి దానంతటదే చెవి మీదకి పోయింది. నాకు చెవీ కావాలి, చీమలూ కావాలి. రెంటిలో ఒకటి అనుకోమంటే, నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం చెవే కావాలనుకున్నాను. చెంబు కాస్త వంచాను కూడా. అంచుదాకా పాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఒక జత చీమలు గట్టు దిగుతూ కనిపించాయి. నేను చెంబు నేల మీద పెట్టేసి మామ్మ చీర పట్టుకుని లాగాను.

"ఒక్కసారి కూకుని సూడు మామ్మా. సూసినాక నువ్వు పొయ్యమంటే పోసేస్తాను."

అత్త గొణుగుతోంది. మామ్మ ఎందుకో పళ్లెం కింద పెట్టి కూర్చుంది. నేను ఈనె పుల్ల తీసి రెండు చీమల మధ్య పెట్టాను. వెనకది తప్పిపోయింది. ముందుది ఆగింది. మామ్మ ముందుకు వంగింది. వెనకది పసుపు పొడిలో పడి, లేచి, తప్పు దారిలో పోయి, మళ్లీ వచ్చింది. అంతసేపూ ముందుది కదలలేదు. ఇది కాలు తట్టగానే అది నడిచింది. మామ్మ నా చేతిలో పుల్ల తీసుకుని తనే ఇంకోసారి అడ్డం పెట్టింది. మళ్లీ అదే జరిగింది.

మామ్మ పుల్ల పక్కన పెట్టింది. తరువాత మెల్లిగా మొదలుపెట్టింది, నాతోనో, అత్తతోనో, తనతో తానో.

"కప్పల్ దిగినప్పుడు నాకు ఈ గుంటంత వయసు నేదు. మాయమ్మ ముందు, నాను ఎనక. ఆయమ్మ నెత్తి మీద మూట, సంకలో తమ్ముడు. సెయ్యి పట్టుకోనాకి సెయ్యి కాళీ నేదు. కొంగు పట్టుకుని నడిసినాను. జనంలో నా సెయ్యి జారిపోతే ఆయమ్మ ఆగిపోయీది. ఎనక కూలోల్ని తోలీ కంగాణీ కేకలేసినా సరే, కదిలీది కాదు. నా సెయ్యి తగిల్తేనే అడుగేసీది." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇది కాపరమున్న ఇల్లే తల్లీ. ఇందులో పొయ్యకూడదు."

"మరి మొక్కో?" అంది అత్త.

మామ్మ చెంబు తీసుకుని లేచింది. నాలుగడుగులు అవతలికి పోయి, గడ్డిలో చేత్తో చిన్న గుంట చేసి, పాలన్నీ అందులో తనే పోసింది. పోస్తూ గట్టిగా అంది, ఎవరితోనో బజార్లో బేరమాడినట్టు. "తల్లీ, నీ పుట్ట నా కొడుకు తొక్కినాడు, నీ పాలు నాను పక్కన పోసినాను. కోపముంతే నాతో పెట్టుకో. సెవి కావాలంతే నాది తీసుకో. గుంట జోలికి రాకు." ఆ తడి మట్టే తీసి నా చెవుల వెనక రాసింది. ఆ తరువాత ముగ్గురం గడ్డిలో కూర్చుని చిమ్మిలి తిన్నాం. అంత ఆకలి మీద తిన్న చిమ్మిలి రుచి మళ్లీ నాకు దొరకలేదు. అత్త పనికి ఆలస్యంగా పోయింది. పోతూ పోతూ వరసంతా చాటింపు వేసింది. అప్పటినుంచి తోటలో మా మామ్మ పేరు చీమల మామ్మ.

ఆమెకి ఆ పేరు నచ్చిందనే అనుకుంటాను. రోజూ ముగ్గు వేశాక, "నీ సుట్టాలు లెగిసినారేటి?" అని నాతో పాటు వచ్చేది. తమలపాకుల సంచీలో ఒక ఎండు చేప తలకాయ కూడా దాచి తెచ్చేది. పిల్లికి దెబ్బలు తప్పాయి. కొన్ని నెలలకి ఆ మైదానం కూడా చదును చేయమన్నారు. ఈసారి నాన్న ముందు రోజే వచ్చి మామ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, రేపటేల అటు ట్రాక్టరు దింపుతాను. అక్కడ నీవోలు ఎవులైనా ఉంతే ఇప్పుడే సెప్పీ." చెప్పింది. నాన్న పుట్ట చుట్టూ గుండ్రంగా గడ్డి వదిలేసి మిగతాది దున్ని, పైవాళ్ల చేత తిట్లు తిన్నాడు. ఆ వారంలోనే చీమలు ఇల్లు మారాయి. జతలు జతలుగా, ఒకటి ముందు, ఒకటి వెనక, కాలువ గట్టు మీదకి. మామ్మా నేనూ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని సాగనంపాం.

నా చెవికి మళ్లీ ఏమీ కాలేదు. ఇప్పటికీ పక్క గదిలో గుసగుసలు వినపడతాయి, మా అమ్మాయికి అదే ఇబ్బంది.

నేను పెద్దదాన్నై పోర్ట్ క్లాంగ్‌లో ఒక గిడ్డంగిలో పనికి చేరిన తరువాత మామ్మకి ఎడమ చెవి వినపడటం మానేసింది. వయసు కదా అని అందరూ అన్నారు. ఆమె మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ గొప్పగా చెప్పుకునేది, మొక్కు తీరిపోయిందని. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు పట్టుకుని వాదించాను. "నా తెగులు కుడి చెవికి, నీకు పోయింది ఎడమ చెవి. నాగమ్మకి ఆ మాత్రం తెలీదా మామ్మా?"

"ఓసి ఎర్రిదానా, ఆ తల్లి నాకు ఎదురుగా నిలబడి తీసుకుంది. ఆయమ్మకి అదే కుడి," అంది మామ్మ, కొంచెం కూడా తడుముకోకుండా.

నా జీతంతో టౌన్‌లో పెద్ద డాక్టరుకి చూపిస్తానన్నాను. చెవిలో పెట్టుకునే మిషన్ కొంటానన్నాను. బతిమాలాను, అలిగాను, ఏడ్చాను కూడా. ఆమె ఒప్పుకోలేదు.

"ఇచ్చింది మళ్లీ అడుగుతారేటే?" అంది.

ఇక వాదించలేదు. సెలవు రోజు బస్సు దిగి ఇంటికి పోగానే ఆమెకి కుడివైపు చాప వేసుకుని కూర్చుని, వారం రోజుల కబుర్లు ఆ మిగిలిన చెవిలో చెప్పేదాన్ని.